సీటీలో లివర్ మీద మచ్చలు కనిపించాయి, క్యాన్సర్ పాకినట్టేనా? ఒక రేడియాలజిస్ట్ సమాధానం

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, నేను తప్పుగా అర్థం చేసుకుంటే సరిచేయండి. అమ్మగారికి 58 ఏళ్ళు, పెద్దపేగు క్యాన్సర్, సిగ్మాయిడ్ దగ్గర, అంటే పెద్దపేగు చివరి వంపులో. ఆపరేషన్ అయ్యి మూడు వారాలు, లింఫ్ నోడ్స్‌లో ఉందని బయాప్సీ వచ్చింది కాబట్టి కీమో మొదలుపెట్టాలి. ఆపరేషన్‌కి ముందు తీసిన సీటీలో లివర్ ఏడో సెగ్మెంట్‌లో (లివర్‌ని ఎనిమిది భాగాలుగా లెక్కేస్తారు) 2.4 సెంటీమీటర్ల మచ్చ, నాలుగో సెగ్మెంట్‌లో 7 మిల్లీమీటర్ల మచ్చ ఉన్నాయని, మెటాస్టాసిస్ (క్యాన్సర్ పాకడం) కాదని చెప్పలేమని, ఎంఆర్ఐ చేయించమని రాశారు. ఈ క్యాన్సర్‌లో రక్తంలో పెరగగల సీఈఏ నార్మల్. చుట్టాలేమో లివర్‌కి పాకింది, నాలుగో స్టేజ్ అంటున్నారు, ఒకరు పెట్ స్కాన్ అంటున్నారు, ఇంకొకరు ముక్క తీయించి టెస్ట్‌కి పంపమంటున్నారు. ఏం చేయాలి అని.

సూటిగా చెప్తాను. ఆ ఒక్క సీటీ పట్టుకుని పాకిందని చెప్పలేం, పాకలేదనీ చెప్పలేం. కాబట్టి నాలుగో స్టేజ్ అన్న మాట ఇప్పుడు ఎవరన్నా నమ్మొద్దు. చేయాల్సినవి రెండు పనులు. కీమో మొదటి డోస్ పడకముందే లివర్‌కి కాంట్రాస్ట్ ఎంఆర్ఐ (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసేది) చేయించండి, ఈలోపు అమ్మగారికి ఎప్పుడైనా కడుపు స్కాన్ తీసి ఉంటే ఆ పాత రిపోర్టులు ఇల్లంతా వెతికి బయటికి తీయండి. ముక్క తీయించడం ఇప్పుడే వద్దు.

ఇంక ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

సిగ్మాయిడ్ నుంచి వచ్చే రక్తం పోర్టల్ వెయిన్ అనే పెద్ద సిర ద్వారా తిన్నగా లివర్‌కే వెళ్తుంది, అందుకే పెద్దపేగు క్యాన్సర్ పాకితే చాలామందిలో ముందు లివర్‌లోనే కనిపిస్తుంది, మీ డాక్టర్లు అనుమానించడంలో తప్పేమీ లేదు. కానీ అదే లివర్‌లో క్యాన్సర్‌తో ఏ సంబంధం లేని మచ్చలు కూడా చాలా మామూలుగా ఉంటాయి. నీటి బుడగలు అంటే సిస్టులు, రక్తనాళాలు ముద్దగా చేరిన హెమాంజియోమాలు, ఒక చోట కొవ్వు ఎక్కువై ఏర్పడిన మచ్చలు, ఎఫ్ఎన్‌హెచ్ అనే, లివర్ కణాలతోనే ఏర్పడే మామూలు గడ్డలు. వీటితో మనిషికి ఏ బాధా ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. క్యాన్సర్ వచ్చిందని మొదటిసారి మంచి సీటీ తీసేసరికి ఎన్నేళ్ళ నుంచో ఉన్నవి బయటపడతాయి. క్యాన్సర్, మచ్చలు రెండూ ఒకేరోజు తెలిసేసరికి ఇంట్లోవాళ్ళకి రెండూ ఒకటే అనిపిస్తుంది.

చిన్న మచ్చల సంగతికొస్తే, క్యాన్సర్ పేషెంట్ల సీటీల్లో కనిపించిన సెంటీమీటర్ లోపు లివర్ మచ్చల మీద 1999లో అమెరికా నుంచి ఒక పెద్ద స్టడీ వచ్చింది, వాళ్ళలో దాదాపు 80 శాతం మందికి అవి మామూలు మచ్చలే అని తేలింది, మెటాస్టాసిస్ అయినవి దాదాపు 12 శాతం మందిలో. గమనించండి, అందరూ క్యాన్సర్ ఉన్నవాళ్ళే. ఆ 12 శాతం చిన్న సంఖ్య కాదు కాబట్టే వదిలేయకూడదు, 80 శాతం చిన్నది కాదు కాబట్టే కంగారుపడి గుచ్చేయకూడదు.

అసలు మేము ఎలా తేడా కనిపెడతామంటే, మచ్చ ఆకారం కన్నా అందులోకి కాంట్రాస్ట్ మందు ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నదే ముఖ్యం. లివర్‌కి రెండు దారుల్లో రక్తం వస్తుంది, సుమారు మూడొంతులు పోర్టల్ వెయిన్ నుంచి, ఒక వంతు ఆర్టరీ (ధమని) నుంచి. లివర్‌లో పెరిగే క్యాన్సర్ గడ్డలు మాత్రం ఎక్కువగా ఆర్టరీ రక్తం మీదే బతుకుతాయి. మందు ఎక్కించాక వేర్వేరు సమయాల్లో తీసే బొమ్మలని ఫేజులు అంటాం, చేతికి కాంట్రాస్ట్ ఎక్కించిన 30, 35 సెకన్లకి ఆర్టరీ ఫేజ్, 70 సెకన్లకి పోర్టల్ ఫేజ్, 3 నుంచి 5 నిమిషాలకి డిలేడ్ ఫేజ్. పోర్టల్ ఫేజ్‌లో లివర్ అంతా తెల్లబడుతుంది, అప్పుడు పెద్దపేగు నుంచి వచ్చిన మెటాస్టాసిస్ నల్లగా, అంచు చుట్టూ పల్చని తెల్ల రింగుతో తేలుతుంది, తర్వాత ఆ అంచు కూడా వెలిసిపోతుంది. హెమాంజియోమాది ఇంకో తీరు. అంచుల్లో అక్కడక్కడా తెల్లటి ముద్దలు కనిపిస్తాయి, ఆ తెలుపు పక్కనున్న రక్తనాళాల తెలుపుతో సమానంగా ఉంటుంది, ఆ తర్వాత ఎండిన మడిలోకి గట్ల దగ్గర నుంచి నీళ్ళు మెల్లగా నడిమికి పారినట్టు మందు లోపలికి నిండుకుంటూ వస్తుంది, డిలేడ్‌లో కూడా తెల్లగానే నిలబడుతుంది. అంచు రింగు తెగకుండా ఉందా, ముక్కలుముక్కలుగా ఉందా, తెలుపు రక్తనాళాలతో సమానమా కాదా, నిమిషాలు గడిచేకొద్దీ నిలిచిందా పోయిందా, ఇవీ మేము చూసేవి.

ఇప్పుడు మీ రిపోర్ట్‌కి రండి. పెద్దపేగు క్యాన్సర్ స్టేజింగ్‌కి మామూలుగా ఒక్క పోర్టల్ ఫేజ్ మాత్రమే తీస్తారు, మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారికీ అదే తీశారు. అది తప్పు కాదు, ఆ పనికి అది చాలు. కానీ ఒకే సమయంలో తీసిన బొమ్మలో మందు రావడం పోవడం ఏం కనిపిస్తుంది? సగం నిండిన హెమాంజియోమా ఆ ఒక్క క్షణంలో నల్లమచ్చలాగే ఉండొచ్చు. 7 మిల్లీమీటర్ల దాంట్లో ఐతే నీరు ఉందో కండ ఉందో కూడా సీటీలో కచ్చితంగా కొలవలేం. అందుకే ఆ రిపోర్ట్ రాసినాయన చెప్పలేమన్నారు. "కాదని చెప్పలేం" అని రాస్తే "అవును" అని అర్థం కాదండి, ఇంకో పరీక్ష చేస్తే తేలుతుంది అని అర్థం, ఆయన నిజాయితీగానే రాశారు.

నాలుగో సెగ్మెంట్ మచ్చ గురించి ఒక మాట. ఫాల్సిఫార్మ్ లిగమెంట్ (లివర్‌ని కడుపు ముందు గోడకి పట్టి ఉంచే పొర) పక్కన, నాలుగో సెగ్మెంట్ ముందు భాగంలో, కొవ్వు ఒక చోట చేరి మచ్చలా కనిపించడం మాకు రోజూ ఎదురయ్యేదే, పిత్తాశయం పక్కన కూడా అంతే. అది గడ్డ కాకపోతే అందులోంచి రక్తనాళాలు పక్కకి తొలగకుండా మామూలుగా సాగిపోతాయి, అంచులు గుండ్రంగా కాకుండా ఏటవాలుగా ఉంటాయి. మీ అమ్మగారికి షుగర్, ఫ్యాటీ లివర్ ఉన్నాయని రాశారు కాబట్టి ఆ అవకాశం గట్టిగానే ఉంది. ఎంఆర్ఐలో ఇన్ ఫేజ్, అవుట్ ఫేజ్ అని రెండు బొమ్మలు తీస్తారు, కొవ్వైతే రెండో దాంట్లో నల్లబడిపోతుంది, ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం.

ఎంఆర్ఐ ఎందుకు మేలు. టీ2 అనే బొమ్మలో సిస్ట్, హెమాంజియోమా రెండూ బాగా తెల్లగా వెలుగుతాయి, మెటాస్టాసిస్ ఒక మాదిరి బూడిద తెలుపులో ఉంటుంది. డిఫ్యూజన్ అని ఇంకోటి ఉంది, కణాలు కిక్కిరిసి ఉన్న గడ్డలు అందులో తెల్లగా వస్తాయి, చిన్న చిన్న మెటాస్టాసిస్‌లు దొరికేది ఎక్కువ దీంట్లోనే. కానీ హెమాంజియోమా కూడా డిఫ్యూజన్‌లో తెల్లగా రావచ్చు, ఏడీసీ మ్యాప్ అనే దాని జంట బొమ్మ పక్కన పెట్టుకుని చూస్తేనే తేడా తెలుస్తుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య చాలామంది రిపోర్ట్‌లో "డిఫ్యూజన్ రిస్ట్రిక్షన్" అన్న ముక్క కనపడగానే ఇంటర్నెట్‌లో వెతుక్కుని ఏడుస్తూ ఫోన్ చేస్తున్నారు. ఒక్క ముక్క చూసి నిర్ణయించుకోకండి.

కాంట్రాస్ట్‌లో కూడా రెండు రకాలు. మామూలు గాడోలినియం ఒకటి, గాడాక్సెటేట్ అని లివర్ కణాలు లోపలికి పీల్చుకునేది ఇంకోటి, ఇది ఖర్చు ఎక్కువ, ఎక్కించాక 20 నిమిషాలకి ఇంకోసారి బొమ్మలు తీస్తారు. లివర్ కణాలు లేని గడ్డ ఏదైనా అప్పుడు నల్లగా కనిపిస్తుంది, ఎఫ్ఎన్‌హెచ్‌లో లివర్ కణాలుంటాయి కాబట్టి అది తెల్లగా నిలుస్తుంది. అయితే ఆ బొమ్మలో నల్లగా ఉంటే క్యాన్సరే అనుకోకూడదు, సిస్టూ నల్లగానే ఉంటుంది, హెమాంజియోమా కూడా నల్లగానే ఉంటుంది. అది హెమాంజియోమానా కాదా తేల్చడానికి మామూలు గాడోలినియం సరిపోతుంది, నన్నడిగితే ఇంకా చక్కగా తెలుస్తుంది కూడా. లివర్ ఆపరేషన్ దాకా వెళ్ళే ఆలోచన ఉంటే, ఇంకెక్కడెక్కడ సూక్ష్మంగా ఉన్నాయో లెక్కపెట్టడానికి గాడాక్సెటేట్ మంచిది. మీ ఆంకాలజిస్ట్, స్కాన్ సెంటర్ రేడియాలజిస్ట్ ఇద్దరూ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకుంటే ఏది కావాలో వాళ్ళే తేలుస్తారు, మీరు మొహమాటపడకుండా మాట్లాడుకోమని అడగండి.

కీమోకి ముందే అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఇది ఎవరూ చెప్పరు, చాలా ముఖ్యం. కీమో పడ్డాక చిన్న మెటాస్టాసిస్‌లు స్కాన్‌లో కనిపించకుండా పోవచ్చు, కనిపించనంత మాత్రాన అన్నీ చచ్చిపోయినట్టు కాదు. తర్వాత సర్జన్‌కి ఎక్కడ కోయాలో తెలియదు. పైగా కీమో మందుల వల్ల లివర్‌లో కొవ్వు చేరుతుంది, ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు వల్ల చిన్న రక్తనాళాలు దెబ్బతిని లివర్ మచ్చలమచ్చలుగా తయారవుతుంది, అప్పుడు పాత మచ్చ ఏదో కొత్త మచ్చ ఏదో మాకే కష్టం. మామూలుగా ఆపరేషన్ తర్వాత 8 వారాల లోపు కీమో మొదలుపెట్టాలని చూస్తారు, మీకు మూడు వారాలే అయ్యింది, టైం ఉంది. అలాగని నెలల తరబడి వాయిదా వేయొద్దు.

పాత స్కాన్ల సంగతి. నా అనుభవంలో ఇంతకన్నా గొప్ప పరీక్ష లేదు. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకావిడకి లివర్‌లో మూడు సెంటీమీటర్ల గడ్డ ఉందని ఇంటిల్లిపాదీ కుంగిపోయి వచ్చారు, అంతకుముందు ఎప్పుడైనా స్కాన్ తీశారా అంటే లేదన్నారు, గట్టిగా అడిగితే వాళ్ళ చెల్లెలు గుర్తుచేసింది, కొన్నేళ్ళ క్రితం గాల్‌స్టోన్స్ అని అల్ట్రాసౌండ్ తీశారని. బీరువాలో ఆ ఫైల్ దొరికింది, అదే చోట అదే సైజు గడ్డ అందులో ఉంది. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్నది మెటాస్టాసిస్ అయ్యే అవకాశం దాదాపు లేనట్టే. ఎంఆర్ఐలో కూడా హెమాంజియోమానే వచ్చింది, ఆవిడ ట్రీట్‌మెంట్ మామూలుగా సాగింది. కాబట్టి గర్భసంచి కోసం తీసినా, రాళ్ళ కోసం తీసినా, మాస్టర్ హెల్త్ చెకప్‌లో తీసినా సరే, పాత కాగితాలన్నీ వెతకండి. ఏ ఊళ్ళో తీశారో ఆ సెంటర్‌కి ఫోన్ చేస్తే కొన్నిచోట్ల కంప్యూటర్‌లో ఇంకా ఉంటాయి.

అలాగని పాత రిపోర్ట్‌లో "హెమాంజియోమా" అని ఉంటే చాలు అని కూడా అనుకోవద్దు. నా దగ్గరికి వచ్చిన ఒకాయనకి వేరే చోట మామూలు అల్ట్రాసౌండ్‌లో తెల్లటి గడ్డ చూసి హెమాంజియోమా అని రాసి పంపించేశారు, మళ్ళీ చూపించుకోమని ఎవరూ చెప్పలేదు. తర్వాత తేలింది, చిన్నపేగులో న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు వదిలే కణాల నుంచి వచ్చే గడ్డ) ఉండి అక్కడి నుంచి పాకినవి. న్యూరోఎండోక్రైన్, కిడ్నీ, కొన్నిసార్లు పెద్దపేగు నుంచి వచ్చినవి కూడా అల్ట్రాసౌండ్‌లో తెల్లగా కనిపించగలవు. క్యాన్సర్ చరిత్ర లేని మనిషిలో ఐతే చిన్న తెల్లటి నున్నటి మచ్చని హెమాంజియోమా అనుకోవడం సబబే, క్యాన్సర్ ఉన్న మనిషిలో మాత్రం అల్ట్రాసౌండ్ ఒక్కదాని మాట మీద వదిలేయకూడదు.

రివర్స్‌లో కూడా జరుగుతుంది. లివర్‌లో నాలుగైదు గడ్డలు, మల్టిపుల్ మెటాస్టాసిస్ అని రాసిన సీటీతో ఒక నడివయసు మనిషి వచ్చాడు, ఎక్కడి నుంచి పాకిందో తెలియక ఎండోస్కోపీలు అన్నీ చేస్తున్నారు. జ్వరం, కుడి భుజం నొప్పి, రోజూ కల్లు తాగే అలవాటు. అమీబిక్ లివర్ యాబ్సెస్‌లు అవి, చీముగడ్డలు. మన దగ్గర కల్లు తాగేవాళ్ళలో ఇవి బాగా చూస్తాం. మెట్రోనిడజోల్‌తో తగ్గిపోయాయి. టీబీ గడ్డలు కూడా ఇలాగే మోసం చేస్తాయి, గొర్రెలు కుక్కలతో మెలిగే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో హైడాటిడ్ సిస్టులు కూడా, వాటిని తెలియక సూదితో గుచ్చితే ప్రమాదకరమైన అలర్జీ రియాక్షన్ రావచ్చు. మీ అమ్మగారికి జ్వరం లేదన్నారు కాబట్టి ఇవి మీకు వర్తించకపోవచ్చు, కానీ ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

ముక్క ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. నిజంగా మెటాస్టాసిస్ అయ్యి ఆపరేషన్ చేసి తీసేయగలిగే పరిస్థితి ఉంటే, సూది వెళ్ళిన దారిలో క్యాన్సర్ కణాలు పడే ప్రమాదం కొంచెం ఉంటుంది, అందుకే లివర్ సర్జన్లు ఎంఆర్ఐలో స్పష్టంగా ఉంటే బయాప్సీ లేకుండానే ముందుకెళ్తారు. హెమాంజియోమా ఐతే అనవసరంగా రక్తస్రావం. పైగా ఏడో సెగ్మెంట్ అంటే పైన డయాఫ్రం కింద, సూదికి దారి కష్టం, ఊపిరితిత్తికి తగిలే ఛాన్స్ ఉంటుంది. 7 మిల్లీమీటర్ల దాన్ని గుచ్చితే పక్కనున్న మంచి లివర్ ముక్క వచ్చి నెగెటివ్ అని రిపోర్ట్ రావచ్చు, ఆ నెగెటివ్‌ని ఎలా నమ్ముతాం? ఎంఆర్ఐ తర్వాత కూడా తేలకపోతే, ట్రీట్‌మెంట్ దారి దాని మీదే ఆధారపడి ఉంటే, అప్పుడు బయాప్సీ సరైనదే, నేనే చేయమంటాను.

పెట్ స్కాన్ చెడ్డదేం కాదు, కానీ ఈ ప్రశ్నకి మొదటి పరీక్ష అది కాదు. సెంటీమీటర్ లోపు వాటిని పెట్ పట్టుకోలేకపోవచ్చు, మ్యూసినస్ రకం (జిగురు ఎక్కువగా ఉండే) ట్యూమర్లు సరిగా వెలగవు, చీముగడ్డ టీబీ గడ్డ కూడా క్యాన్సర్‌లాగే వెలుగుతాయి, ఆపరేషన్ అయిన చోట మానుతున్న గాయం కూడా వెలుగుతుంది. లివర్ దాటి ఇంకెక్కడైనా ఉందా అన్నది ప్రశ్న ఐనప్పుడు పెట్ విలువ వేరు. సీఈఏ నార్మల్ అనేది మంచి సంకేతమే గానీ అభయం కాదు. ఆపరేషన్‌కి ముందు, పేగులో గడ్డ ఉన్నప్పుడు కూడా సీఈఏ నార్మల్‌గానే ఉంటే ఆ ట్యూమర్ అసలు సీఈఏ ఎక్కువ వదలని రకం అయ్యుండొచ్చు. లివర్ ఫంక్షన్ టెస్ట్ ఐతే ఇంత చిన్న మచ్చలకి మారదు, దాన్ని చూసి ఏమీ అనుకోవద్దు.

మీరు అడగలేదు గానీ మనసులో ఉన్న ప్రశ్న ఇదే అయ్యుంటుంది, ఒకవేళ మెటాస్టాసిస్ అనే తేలితే? పేరుకి నాలుగో స్టేజే, కానీ పెద్దపేగు క్యాన్సర్ లివర్‌లో ఒకటి రెండు చోట్లకే పాకితే అది చేతులెత్తేసే పరిస్థితి కాదు. కీమో, లివర్ ఆపరేషన్ కలిపి చేస్తారు, చిన్నవాటిని అబ్లేషన్‌తో కాల్చేస్తారు. పూర్తిగా తీయగలిగినవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత కూడా బతికున్నవాళ్ళు సుమారు 40 శాతం ఉంటారు, కొందరికి పూర్తిగా నయమవుతుంది కూడా. కడుపులో వేరే క్యాన్సర్లు లివర్‌కి పాకిన కేసులతో దీన్ని కలిపి చూడకండి, చుట్టాలు చెప్పే కథలు ఎక్కువ అవే. అలా తేలితే మాత్రం లివర్ సర్జరీ రోజూ చేసే సర్జన్ ఉన్న చోట ఒకసారి చూపించండి, కోయడం కుదరదు అన్న మాట అలాంటి సర్జన్ నోటి నుంచి వస్తేనే నమ్మండి.

మామూలు మచ్చలే అని స్పష్టంగా వస్తే వాటికి మందు అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు, క్యాన్సర్‌గా మారతాయనే భయం సిస్ట్, హెమాంజియోమా, ఎఫ్ఎన్‌హెచ్‌లకి లేదు. అటూ ఇటూ కాకుండా ఆగితే రెండు మూడు నెలలకి మళ్ళీ అదే రకం ఎంఆర్ఐ తీసి పోల్చడం, అంతే. ఈలోపు లివర్ గడ్డ కరగడానికని ఎవరో చెప్పిన ఆకు పసర్లు, పొడులు దయచేసి ఇవ్వకండి, వాటిలో కొన్ని లివర్‌నే దెబ్బతీసి కీమో ఆపేయాల్సిన పరిస్థితి తెస్తాయి, అలాంటివాళ్ళని చూసి చెప్తున్నాను.

ఎంఆర్ఐకి వెళ్ళేముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) రిపోర్ట్ దగ్గర పెట్టుకోండి. పేస్‌మేకర్ లాంటిది ఉంటే ముందే చెప్పాలి. పేగు ఆపరేషన్‌లో వేసిన స్టేప్లర్ పిన్నులు సాధారణంగా టైటానియంవి, వాటితో ఇబ్బంది ఉండదు, ఐనా టెక్నీషియన్‌కి చెప్పండి, డిశ్చార్జ్ సమ్మరీ చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి బిగబట్టడం. లివర్ ఎంఆర్ఐలో ఒక్కోసారి 15, 20 సెకన్లు ఊపిరి ఆపమంటారు, ఆపలేకపోతే బొమ్మలు చెదిరిపోయి 7 మిల్లీమీటర్ల మచ్చ అసలు కనిపించదు. కుట్లు ఇంకా నొప్పిగా ఉంటాయి కాబట్టి ఇంట్లోనే పడుకోబెట్టి, ఊపిరి బయటికి వదిలేసి ఆపడం రోజూ కొన్నిసార్లు ప్రాక్టీస్ చేయించండి. ఫిల్ములతో పాటు సీడీ తప్పకుండా అడిగి తీసుకోండి, పాత సీటీ సీడీ కూడా రిపోర్ట్ రాసే రేడియాలజిస్ట్‌కి ఇవ్వండి, ఫిల్ము మీద అన్ని ఫేజులూ ఉండవు.

రిపోర్ట్ వచ్చాక అమ్మగారి పేరు, నంబర్లు చెరిపేసి ఇక్కడే కింద పెట్టండి. సెగ్మెంట్ 7 దానికి టీ2లో ఏం రాశారు, డిలేడ్‌లో మందు నిండిందా లేదా అన్న రెండు లైన్లు ఉంటే చాలు, అర్థం చేసుకోవడానికి సాయం చేస్తాను.